ఒకే గ్యారేజ్, రెండు ఎత్తులు: అక్కాతమ్ముళ్ల వర్క్‌బెంచ్ కేస్ స్టడీ

వర్క్‌బెంచ్ చేసి పెట్టమని వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది డ్రాయర్లు ఎన్ని వస్తాయని. ఆ తర్వాత చక్రాలు పెట్టొచ్చా అని. ఎత్తు ఎంత ఉండాలని అడిగేవాళ్లు చాలా తక్కువ. వైస్, అంటే వస్తువుని రెండు దవడల మధ్య బిగించి పట్టే సాధనం, ఏ మూలన బిగించాలని అడిగేవాళ్లు ఇంకా తక్కువ. నా దృష్టిలో ఈ వరస మొత్తం తిరగబడాలి. బెంచి చేయాల్సిన అసలు పని వస్తువుని కదలకుండా పట్టుకోవడం. మనం దాన్ని తోస్తాం, లాగుతాం, సుత్తితో కొడతాం, మెలితిప్పుతాం. ఆ బలమంతా వస్తువు మీదికి వెళ్లాలి. బల్ల ఊగిందంటే సగం బలం ఊపులోనే పోతుంది, మిగతా సగం మన నడుం మీద పడుతుంది. సామాన్లు దాచుకోవడానికి బీరువా ఉంది, అలమర ఉంది, గోడ ఉంది. పట్టుకోవడానికి మాత్రం బెంచి తప్ప వేరే దిక్కు లేదు.

ఈ కేసు ఒక అక్కాతమ్ముళ్లది. అక్క చేతి పనిముట్లతో చెక్కపని చేస్తుంది: చిన్న స్టూళ్లు, పెట్టెలు, అలమరలు. మిషన్లు పెద్దగా వాడదు, చిత్రిక, ఉలి, రంపం చాలు అంటుంది. తమ్ముడు పాత మోటార్‌సైకిళ్లు విప్పి బాగుచేస్తాడు. ఇద్దరికీ ఉన్నది ఒకే గ్యారేజ్, అందులో రాత్రిపూట కారు కూడా ఉండాలి. లోపలి కొలతలు 3.1 మీటర్ల వెడల్పు, 5.6 మీటర్ల పొడవు. కారు పొడవు 4 మీటర్లకు కాస్త లోపే.

నేను వెళ్లేసరికి అక్కడ ఒక పాత రాతబల్ల ఉంది. పైచెక్క పలచన. దాని నడిమధ్యన వైస్ బిగించి ఉంది. బల్ల చివర పట్టుకుని పొడవు దిశలో ఒక్కసారి తోసి చూశాను, పైభాగం రెండు వేళ్ల మేర అటు జరిగి మళ్లీ వెనక్కి వచ్చింది. కొత్త బెంచి అయినా పాతది అయినా నేను ముందు చేసే పరీక్ష ఇదే. పైనుంచి బరువు పెడితే దాదాపు ఏ బల్లయినా ఆగుతుంది, అడ్డంగా తోస్తేనే దాని సంగతి తెలుస్తుంది. నాలుగు కాళ్లు, పైన ఒక చెక్క, మూలల్లో స్క్రూలు అంతే ఉంటే అది నాలుగు భుజాల చట్రం. మూలలు కాస్త వదులైతే చాలు, పక్కకి వాలిపోతుంది. ఏటవాలు పట్టె ఒకటి వేసి త్రిభుజం చేస్తే వాలదు. వెనక వైపు మొత్తం ఒక ప్లైవుడ్ షీట్ వేసి బిగించినా అదే ఫలితం.

వాళ్లు అడిగింది ఇది: గోడ పొడవునా ఒకే బెంచి, ఇద్దరికీ సరిపోయే ఎత్తు, కింద ఏడు డ్రాయర్లు, కాళ్లకి చక్రాలు. "మేస్త్రిగారూ, మధ్యరకం ఎత్తు ఒకటి పెట్టేయండి, ఇద్దరం సర్దుకుంటాం" అన్నాడు తమ్ముడు. "సర్దుకునేది నువ్వు కాదురా, నా భుజాలు" అంది అక్క. ఆమె ఎత్తు 158 సెంటీమీటర్లు, అతను 180. మధ్యరకం ఎత్తు పెడితే ఇద్దరికీ తప్పే అవుతుందని అక్కడే చెప్పేశాను. పైగా తేడా మనిషి ఎత్తులోనే లేదు, పనిలోనూ ఉంది. చిత్రిక పట్టేటప్పుడు ఒంటి బరువు కిందికి దిగాలి కాబట్టి బెంచి తక్కువ ఎత్తులో ఉండాలి. ఆకురాయి పట్టేటప్పుడు ముంజేయి నేలకు సమాంతరంగా ముందుకీ వెనక్కీ కదలాలి కాబట్టి వైస్ దవడల పైఅంచు మోచేతి ఎత్తులో ఉండాలి. ఈ రెండూ ఒకే బల్ల మీద కుదరవు.

ఎత్తు తేల్చిన విధానం

పుస్తకాల్లో, డ్రాయింగుల్లో 34 అంగుళాలు, 36 అంగుళాలు అని కనబడుతుంది. అది ఎవరి ఎత్తు, ఏ పనికి అన్నది అందులో ఉండదు. నేను కోత మొదలుపెట్టక ముందే ఎత్తుని నమూనాగా పేర్చి చూపిస్తాను. ప్లైవుడ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కదలకుండా గోడకి ఆనించి, పైన ఒక బరువైన పలక పెట్టి క్లాంప్ చేస్తే చాలు. తర్వాత ఆ మనిషి చేత నిజంగా పని చేయించాలి. ఊరికే నిలబడి చేతులు ఆనించి "బాగానే ఉంది" అనడం లెక్కలోకి రాదు.

అక్కతో మొదట 860 మి.మీ. ఎత్తులో చిత్రిక పట్టించాను. కొన్ని నిమిషాలకే భుజాలు చెవుల వైపు లేచాయి, మోచేతులు బయటికి విచ్చుకున్నాయి. చిత్రిక ప్రతి తోపు చివరా ఎగిరినట్టయి చెక్క మీద చిన్న చిన్న మెట్లు పడ్డాయి. ఒక్కో ప్లై ముక్క తీస్తూ దించుకుంటూ వచ్చాం. 800 దగ్గర తేడా నాకంటే ముందు చిత్రిక శబ్దంలో తెలిసింది, టకటక ఆగి ఒకే ఒరవడిలో సాగింది. చెక్క నుంచి లేచే ఈకలు తెగకుండా పూర్తి పొడవున వచ్చాయి. ఆమె అప్పుడు చేతులతో తోయడం లేదు, వెనక కాలి నుంచి ఒంటి బరువుతో తోస్తోంది. లెక్క ప్రకారం చూసినా చెప్పులతో నిలబడి చేతులు వేలాడదీస్తే మణికట్టు మడత దాదాపు అక్కడికే వస్తుంది. మణికట్టు మడత ఎత్తు అన్నది చేతి చిత్రిక పనికి మంచి మొదలు. అక్కడినుంచి ఒక అంగుళం అటూ ఇటూ పనిచేసి చూసుకుని తేల్చుకోవాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిన్న విషయం ఒకటి ఉంది. సిమెంట్ నేల మీద గంటల తరబడి నిలబడేవాళ్లు కాళ్ల కింద రబ్బరు మ్యాట్ వేసుకుంటారు. దాని మందం 15 మి.మీ. అయితే బెంచి అంత మేర దిగిపోయినట్టే. అందుకే నమూనా పరీక్ష ఆ మ్యాట్ మీద, రోజూ వేసుకునే చెప్పులతోనే చేయించాను. నేల నుంచి 800 అంటే ఆమె నిలబడే చోటు నుంచి 785.

సన్నటి జాయింట్లు కోసేటప్పుడు, గీతలు గీసేటప్పుడు మాత్రం అంత తక్కువ ఎత్తు పనికిరాదు, నడుం వంచి చూడాల్సి వస్తుంది. దానికి బెంచి మీద పెట్టుకునే చిన్న బెంచి చేశాను. 150 మి.మీ. ఎత్తు, ముందు వైపు రెండు మరలతో బిగిసే పొడవాటి దవడ. అవసరమైనప్పుడు పైన పెట్టి రెండు క్లాంపులు వేసుకుంటుంది, పనయ్యాక కింద అరలోకి తోసేస్తుంది. బెంచి మొత్తాన్ని జాకీలతో లేపి దించే ఏర్పాట్లు కూడా ఉంటాయి. చేతి పనికి నేను వాటిని సిఫారసు చేయను, కదిలే ప్రతి భాగం దగ్గరా కాస్త ఊపు చేరుతుంది.

తమ్ముడి లెక్క సులువు. బూట్లతో మోచేయి నేల నుంచి 1120 మి.మీ. అతను కొనుక్కున్న 125 మి.మీ. దవడల వైస్, అడుగు నుంచి దవడల పైఅంచు దాకా 165. అంటే బల్ల పైతలం 955. వైస్ చేతికి వచ్చాకే ఈ తీసివేత చేయాలి, ఒక్కో వైస్ ఎత్తు ఒక్కో రకంగా ఉంటుంది.

స్థలం, వేరువేరు బల్లలు

పక్కగోడ వెంట పెడదామని వాళ్ల ఆలోచన. కొలిస్తే కారు తలుపు తెరుచుకోవడానికి చోటు మిగలడం లేదు. అందుకని లోపలి గోడ, అంటే కారు ముక్కు ఎదురుగా ఉండే గోడ ఎంచుకున్నాం. కారు లోపల ఉన్నా బెంచి ముందు 80 సెంటీమీటర్ల దాకా మనిషి నిలబడే జాగా ఉంటుంది. పొడుగు చెక్కలతో పని ఉన్నరోజు కారు బయట పెట్టుకోవాలి, అంతే. 3.1 మీటర్ల గోడలో చెక్కపని బెంచి 1600 మి.మీ. పొడవు, 650 లోతు, ఎడమ వైపు. ఇనుపపని బెంచి 900 పొడవు, 600 లోతు, కుడి వైపు. మధ్యలో 300 ఖాళీ. ఆ ఖాళీలో చెత్త డబ్బా సరిగ్గా ఇముడుతుంది. చెక్కపని బెంచి మీది చెత్త చేత్తో అటు ఊడిస్తే నేరుగా అందులో పడుతుంది.

రెండు బల్లలు ఎందుకు, ఒకే చట్రం మీద రెండు ఎత్తుల్లో పైచెక్కలు పెట్టొచ్చు కదా అని అడిగారు. పెట్టొచ్చు, కానీ ఇనుప రజను చెక్కపనికి శత్రువు. చిన్న ఇనుప ముక్క చెక్కలో గుచ్చుకుంటే తర్వాత దాని మీద నడిచే చిత్రిక బ్లేడు అంచు విరుగుతుంది. టానిన్ (చెక్కలో ఉండే వగరు పదార్థం) ఎక్కువ ఉన్న చెక్క మీద ఇనుప రజను తడి తగిలి ఉంటే నల్లటి మచ్చ దిగుతుంది, అది గీకినా అంత తేలిగ్గా పోదు. ఇంజన్ ఆయిల్ అంటిన చెక్కకి జిగురు పట్టదు. అటు నుంచి ఇటు కూడా అంతే, విప్పి పెట్టిన కార్బురేటర్ మీద రంపపు పొట్టు పడితే తమ్ముడి పని రెట్టింపవుతుంది. ఇనుప బెంచికి ఎడమ పక్కన, వెనక నిలువుగా ప్లై అడ్డు పెట్టాను, ఆకురాయి రజను అవతలికి వెళ్లకుండా.

చక్రాలు వద్దని గట్టిగా చెప్పాను. లాక్ ఉన్న చక్రమైనా దాని ఇరుసులో, తిరిగే మెడలో కాస్త ఆట, అంటే వదులు, ఉంటుంది. నాలుగు చక్రాల ఆట కలిస్తే చిత్రిక కింద బెంచి నడుస్తుంది. కచ్చితంగా జరపాల్సిన బెంచి అయితే కాలితో తొక్కితే బల్లను లేపి, వదిలితే కాళ్లు నేల మీద కూర్చునే రకం వాడాలి. ఇక్కడ జరపాల్సిన పనే లేదు.

పైచెక్క

గట్టి చేవ చెక్కతో 75 మి.మీ. మందం పలక చేయాలని అక్కకి కోరిక. అది అందమైన బెంచే, నాకూ ఇష్టమే. కానీ ఇది గ్యారేజ్. వానలో తడిసిన కారు లోపలికొస్తుంది, ఎండాకాలం తలుపు బార్లా తెరిచి ఉంటుంది, గాలిలో తేమ ఏడాది పొడవునా పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. చెక్క నార పొడవు దిశలో దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమతో ఉబ్బి ఎండలో కుదించుకుపోతుంది. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం మామూలు కోత పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు సుమారు 1 శాతం మారుతుంది. 650 మి.మీ. లోతు బల్లకి అది 6 మి.మీ. పైమాటే. అలాంటి పలకని కదలడానికి వీలు లేకుండా చట్రానికి బిగిస్తే ఏదో ఒకరోజు పగులుతుంది, లేదా చట్రాన్నే లాగేస్తుంది. కోల బెజ్జాలు పెట్టి వదులు ఇవ్వడం తెలిసినవాళ్లకి ఇబ్బంది లేదు. కానీ ఈ బెంచిని వెనక గోడకి కూడా బిగించాలనుకున్నాను, అందుకే ప్లైవుడ్‌కే మొగ్గాను. ప్లైలో పొరలు అడ్డం నిలువు మారుతూ ఉంటాయి కాబట్టి కదలిక చాలా తక్కువ.

18 మి.మీ. ప్లై మూడు పొరలు, మొత్తం 54. ఇక్కడే జిగురు సంగతి చెప్పాలి. చాలామంది పొరల్ని స్క్రూలతో కలిపి వదిలేస్తారు. పలక బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, మందం ఘనంతో పెరుగుతుంది. అంటే ఒకే ముక్కగా మందం మూడింతలైతే బిగువు 27 రెట్లు. కానీ ఆ మూడు పొరల మధ్య జిగురు లేకపోతే వంగేటప్పుడు ఒకదాని మీద ఒకటి జారతాయి, అప్పుడు వచ్చేది 3 రెట్లు మాత్రమే. అదే ప్లై, అదే ఖర్చు, కానీ మధ్యలో ఒక పూట జిగురు పనే ఇంత తేడా తెస్తుంది. స్క్రూలు జిగురు ఆరేదాకా పొరల్ని దగ్గరగా నొక్కి పట్టడానికే.

అతికించేటప్పుడు కింద ఏ ఆకారం ఉంటే పలకకి ఆ ఆకారమే వస్తుంది. ఆరాక అది శాశ్వతం. అందుకే రెండు బరువైన సూటి దూలాల మీద ఈ పని చేశాను. దూలాల మధ్య మెలి ఉందో లేదో చూడటానికి రెండు సన్నటి సూటి పట్టెలు, ఒకటి నల్ల రంగుది, ఒకటి తెల్లది, చెరో చివరా అడ్డంగా పెట్టి కన్ను కిందికి దించి చూడాలి. ముందున్న పట్టె పైఅంచు మీద వెనక పట్టె అంచు ఒక సన్నటి గీతలా కనబడుతుంది. ఆ గీత రెండు చివరలా ఒకే మందం ఉంటే మెలి లేనట్టు. ఇక్కడ కుడి చివర కాస్త లావుగా కనబడింది. దూలం కింద కుడి మూలన 2 మి.మీ. ముక్క దూర్చాక గీత సమమైంది. రసమట్టం చూపించనంత చిన్న మెలిని కూడా ఈ పట్టెలు చూపిస్తాయి, ఎందుకంటే పొడుగు పట్టె వల్ల తేడా పెద్దదై కనబడుతుంది.

జిగురు రోలర్‌తో పొర మొత్తం తడిసేలా పూశాం. ముద్దలు ముద్దలుగా పోసి నొక్కితే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. కింది వైపు నుంచి సుమారు 200 మి.మీ. ఎడంతో స్క్రూలు, కానీ తర్వాత బెజ్జాలు వేసే చోట్లని ముందే గీసుకుని వాటిని తప్పించి. బరమా బిట్టు స్క్రూ మీద పడితే బిట్టు పోతుంది, చెయ్యీ తిరిగిపోతుంది. ఒక రోజంతా కదపకుండా వదిలేశాం. ఆ పలక బరువు సుమారు 36 కిలోలు.

దాని మీద 6 మి.మీ. హార్డ్‌బోర్డ్, జిగురు లేకుండా స్క్రూలతోనే, స్క్రూ తలలు లోతుగా దించి. రంపం గాట్లు, ఉలి దెబ్బలు, రంగు మరకలు అన్నీ అది భరిస్తుంది. బాగా పాడయ్యాక విప్పి కొత్తది వేసుకోవచ్చు. బెంచిని భయం లేకుండా వాడగలగడం చాలా ముఖ్యం, గాటు పడుతుందేమోనన్న టెన్షన్‌తో చేసే పని సరిగ్గా రాదు.

తమ్ముడి బల్లకి 50 × 50 × 3 మి.మీ. చదరపు ఇనుప గొట్టాలతో వెల్డింగ్ చట్రం. పైన ప్లై రెండు పొరలు కలిపి 36, దాని మీద 3 మి.మీ. ఇనుప రేకు. రేకు ఒక్కటీ 12 కిలోల పైన ఉంటుంది. ముందు అంచు కిందికి మడిచి ఉంది, వెనక, పక్కలు పైకి మడిచి ఉన్నాయి, ఆయిల్ ఒలికితే వెనక, పక్కల నుంచి నేల మీదికి కారదు, నట్లు దొర్లి వెనక పడిపోవు. కింద ప్లై లేకుండా రేకు ఒక్కటే పెడితే సుత్తి దెబ్బకి డప్పులా మోగుతుంది.

కాళ్లు, నేల వాలు

గ్యారేజ్ నేల చదునుగా ఉండదు, ఉండకూడదు కూడా, నీళ్లు తలుపు వైపు పోవాలి. ఇక్కడ వాలు మీటరుకి 15 మి.మీ. అంటే 650 లోతులో ముందు కాళ్లు వెనక కాళ్లకంటే సుమారు 10 మి.మీ. పొడవు ఉండాలి. కాళ్లన్నీ కాస్త పొడవుగానే ఉంచి, చట్రం బిగించి, దాని నిజమైన చోటులో నిలబెట్టి, పైన మట్టం వచ్చేదాకా కాళ్ల కింద పలచని ముక్కలు దూర్చాం. ఆ తర్వాత ఒక చెక్క దిమ్మ మీద పెన్సిల్ ఆనించి, దిమ్మని నేల మీదే జరుపుతూ ప్రతి కాలి చుట్టూ గీత గీశాం. దిమ్మ ఎత్తు ఎంతంటే, అతి ఎక్కువ సందు ఉన్న కాలి దగ్గరి సందుకంటే కొంచెం ఎక్కువ. ఆ గీతల వెంట కోస్తే నాలుగు కాళ్లూ నేల వాలుతో సహా నిండుగా కూర్చుంటాయి. కోసిన అడుగు భాగాన్ని ఎపాక్సీ జిగురుతో రెండుసార్లు తడిపాను, కాలి అడుగు నుంచే నీళ్లు అన్నిటికంటే వేగంగా పైకి ఎక్కుతాయి. ఇనుప చట్రానికి ఈ గొడవ లేదు, కాళ్లకి ఎం12 (12 మి.మీ. లావు) మట్టం బోల్టులు పెట్టాం.

చెక్క కాళ్లు 90 × 90. అడ్డపట్టెల్ని కాలి పక్కన ఆనించి స్క్రూ కొట్టడం నేను ఒప్పుకోను. బరువంతా స్క్రూ మీద పడుతుంది, కాలక్రమేణా బెజ్జం సాగుతుంది. కాలిలో గాడి తీసి, పట్టెని అందులో కూర్చోబెట్టాలి. అప్పుడు బరువు చెక్క నుంచి చెక్క మీదికి దిగుతుంది, బోల్టు దగ్గరగా పట్టుకుంటుంది అంతే. పక్క చట్రాలు జిగురుతో శాశ్వతంగా అతికించాం. పొడవు పట్టెలు మాత్రం ఎం10 బోల్టులతో విప్పదీసుకునేలా పెట్టాం: పట్టె చివర నుంచి పొడవుగా బోల్టు లోపలికి వెళ్తుంది, పట్టెలో అడ్డంగా వేసిన బెజ్జంలో కూర్చున్న గుండ్రటి నట్టు దాన్ని పట్టుకుంటుంది. ఇల్లు మారితే ఒక స్పానర్‌తో విడిపోతుంది. వెనక కాళ్ల మధ్య 12 మి.మీ. ప్లై షీట్, చుట్టూ దగ్గర దగ్గరగా స్క్రూలు. ఊగకుండా ఆపేది ముఖ్యంగా ఇదే. దాంతోపాటు వెనక గోడకి యాంగిల్ బ్రాకెట్లు. గోడ గట్టిదో లోపల గుల్లగా ఉన్న ఇటుకదో చూసుకుని యాంకర్ ఎంచుకోవాలి, గుల్ల ఇటుకలో మామూలు ఎక్స్‌పాన్షన్ బోల్టు (బిగించేకొద్దీ గోడ లోపల విచ్చుకునేది) బిగిస్తే ఇటుకే పగులుతుంది.

వైస్‌లు, బెజ్జాలు

తమ్ముడి వైస్ ముందు ఎడమ కాలికి సరిగ్గా పైన. కొట్టిన దెబ్బ నేరుగా కాలిలోంచి నేలకి పోవాలి. పాత బల్లలో మధ్యన ఉండటం వల్ల ప్రతి దెబ్బకీ పలక ఎగిరేది. వెనక దవడ, అంటే కదలని దవడ ముఖం, బల్ల అంచుకంటే ఒక్క పిసరు ముందుకి ఉండేలా జరిపాను. అలా ఉంటే పొడుగు గొట్టాన్ని నిలువుగా బిగించినా కింద బల్లకి తగలదు. రేకు, ప్లై అన్నీ దాటి వెళ్లే ఎం12 బోల్టులు నాలుగు, కింద పెద్ద ఇనుప పట్టీలు, లాక్ నట్లు. చెక్క స్క్రూలతో వైస్ బిగించినవాళ్లని చూసినప్పుడల్లా నాకు భయమే, అది ఊడేది సరిగ్గా మనం బలంగా లాగుతున్నప్పుడే.

అక్కది కుడిచేతి వాటం కాబట్టి చెక్క వైస్ ముందు అంచున, ఎడమ చివర. లోపలి దవడని పలకలోకి దించి, దాని ముఖాన్ని బెంచి అంచుతో, ముందు కాళ్ల ముఖంతో ఒకే తలంలోకి తెచ్చాం. ఈ ఒకే తలం అన్నది ఎంత ఉపయోగమో పొడుగు పలక అంచుకి చిత్రిక పట్టినప్పుడే తెలుస్తుంది. ఒక చివర వైస్‌లో, రెండో చివర కుడి కాలికి క్లాంపు, మధ్యలో మొత్తం పొడవునా ఆనిక ఉంటుంది. పైచెక్క కాళ్లకంటే ముందుకి పొడుచుకు వచ్చే బెంచీల్లో ఇది కుదరదు.

ముందు అంచుకి సమాంతరంగా 96 మి.మీ. ఎడంతో ఒక వరస బెజ్జాలు, వెనక మరికొన్ని. చెక్క జారకుండా అడ్డు నిలిచే ఆపుడు మేకులు, చెక్కని పైనుంచి నొక్కి పట్టే వంపు తిరిగిన ఇనుప కడ్డీలు, అంటే హోల్డ్‌ఫాస్ట్‌లు, వీటిలోకే. బెజ్జం 20 మి.మీ. ఉండాలా 19 ఉండాలా అన్నది ముందే తేల్చకూడదు. వాడబోయే సామాను చేతిలో పెట్టుకుని, పనికిరాని ప్లై ముక్కలో బెజ్జం వేసి, హోల్డ్‌ఫాస్ట్‌ని సుత్తితో ఒక దెబ్బ కొట్టి అది పట్టుకుంటుందో లేదో చూసి, అప్పుడే బెంచి మీద బరమా పెట్టాలి. హోల్డ్‌ఫాస్ట్‌కి మర ఉండదు, బెజ్జంలో వంకరగా ఇరుక్కుని పట్టుకుంటుంది, కాబట్టి కొద్దిపాటి తేడా కూడా లెక్కే. బరమా నిటారుగా దిగడానికి మందపాటి దిమ్మలో ముందే వేసిన బెజ్జాన్ని గైడ్‌గా వాడాం, కింద ఒక పాత చెక్క అదిమిపెట్టాం, ప్లై చీలిపోకుండా.

ఏడు డ్రాయర్లు అడిగారు కదా, ఆ సంగతి ఇప్పుడొస్తుంది. పైచెక్కకి ఆనుకుని డ్రాయర్ పెడితే హోల్డ్‌ఫాస్ట్ కాడ అందులోకి దిగుతుంది, క్లాంపు దవడకి చోటుండదు. అందుకని పైచెక్క కింద 200 మి.మీ. పూర్తిగా ఖాళీ వదిలి, దాని కింద అడ్డపట్టెల మీద కూర్చునే పెట్టె చేసి, అందులో మూడు డ్రాయర్లు ఇచ్చాను. పనిముట్లు నింపితే ఆ బరువు బెంచికి అదనపు స్థిరత్వం కూడా. రోజూ వాడేవి గోడ మీదికి వెళ్లాయి: 45 డిగ్రీల కోణంలో చీల్చిన పట్టెలు గోడకి, వాటిలో తగులుకునే హోల్డర్లు. ఎక్కడికి కావాలంటే అక్కడికి జరుపుకోవచ్చు. ముందు ఒకటి రెండు నెలలు పని చేసుకోండి, చెయ్యి ఏ వస్తువు కోసం ఎటు పోతుందో చూసుకుని అప్పుడు మిగతా హోల్డర్లు చేసుకుందామని చెప్పాను.

వెలుతురు, కరెంటు, నిప్పు

గ్యారేజ్ మధ్యలో ఉన్న బల్బు వీపు వెనక నుంచి వస్తుంది, మన నీడ మన పని మీదే పడుతుంది. బెంచి ముందు అంచుకి నేరుగా పైన 1200 మి.మీ. ఎల్‌ఈడీ ట్యూబులు రెండు పెట్టించాం. అక్క బెంచి ఎడమ చివర, పలక ఎత్తులో అడ్డంగా పడే చిన్న దీపం ఇంకొకటి. చిత్రిక వదిలిన గీతలు, ఎత్తుపల్లాలు అడ్డ వెలుతురులోనే బయటపడతాయి, పైనుంచి పడే వెలుతురులో అంతా నునుపుగానే కనబడుతుంది.

ప్లగ్గులు బెంచి పైన, గోడకే, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజ్ బ్రేకర్ (కరెంటు లీకైతే సరఫరా ఆపేది) వెనక. నేల దగ్గర ఒక్క ప్లగ్గు, స్విచ్చు కూడా వద్దన్నాను. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, నేల వెంటే పాకుతుంది. తమ్ముడు ట్యాంకు విప్పే చోట అది మామూలే, స్విచ్చులో పుట్టే చిన్న మెరుపు చాలు అది అంటుకోవడానికి. గ్రైండర్ ఇనుప బెంచికి కుడి చివర, రంపపు పొట్టుకి వీలైనంత దూరంలో. దాని ఆనిక పలకకీ రాయికీ మధ్య సందు 3 మి.మీ. మించకూడదు, రాయి అరిగేకొద్దీ దగ్గరికి జరుపుకుంటూ ఉండాలి. గ్రైండింగ్ ఉన్నరోజు పెట్రోల్ పని ఉండకూడదన్నది వాళ్లిద్దరూ పెట్టుకున్న నియమం, మంచి నియమం.

అక్క తన వస్తువులకి అవిసె నూనె పూస్తుంది. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడేస్తే వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. బయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరబెట్టాలి, లేదంటే నీళ్లు పోసిన మూత ఉన్న రేకు డబ్బాలో వేయాలి. మధ్య ఖాళీలో ఉన్న చెత్త డబ్బాలో మాత్రం వేయకూడదని దాని మూత మీద రాసి అంటించాం.

వాడకంలో తేలినవి

అప్పగించేరోజు మళ్లీ అదే తోపు పరీక్ష. ఈసారి పొడుగు గొట్టం ఒకటి వైస్‌లో బిగించి దాని చివర పట్టుకుని తమ్ముడే బలమంతా పెట్టి లాగాడు. బల్ల కదల్లేదు, గొట్టం వంగింది. అక్క బెంచి మీద గట్టి చెక్కకి చిత్రిక పట్టి చూశాం, వెనక గోడ బ్రాకెట్లు బిగించక ముందు కూడా చట్రం నిలబడింది, అది నాకు ముఖ్యం. గోడ సాయం అదనంగా ఉండాలే గానీ ఆధారం కాకూడదు.

కొన్ని నెలల తర్వాత వెళ్లి చూస్తే కొన్ని మార్పులు కనిపించాయి. ఇనుప రేకు మీద అక్కడక్కడా తుప్పు మచ్చలు, చెమట చేతులవి, తడి గుడ్డ పెట్టి మర్చిపోయినవి. సన్నటి స్టీల్ ఊల్‌తో రుద్ది, పలచగా ఆయిల్ తుడిచిన గుడ్డ పని ముగిసినప్పుడల్లా తిప్పమన్నాను. రంగు వేయాలా అని అడిగాడు. వేస్తే వేడి వస్తువులు, థిన్నర్ తగిలి పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చులు వెళ్లి బేరింగుల్లో పడతాయి, అందుకే వద్దన్నాను. అక్క తనంతట తానే పలచని ఆపుడు పట్టె ఒకటి చేసుకుంది. రెండు కాడలు బెజ్జాల్లో దిగుతాయి, 5 మి.మీ. మందం ఉన్న చెక్కని కూడా దానికి ఆనించి చిత్రిక పట్టొచ్చు. నా డ్రాయింగ్‌లో అది లేదు, ఇప్పుడు వేరే వాళ్లకి చేసే బెంచీలతో అలాంటిది ఒకటి ఇస్తున్నాను. అడిగిన మిగతా నాలుగు డ్రాయర్ల మాట ఇద్దరూ ఎత్తలేదు. తమ్ముడు మాత్రం గోడ పట్టెలు ఇంకో రెండు వరసలు కావాలన్నాడు.

పొడవు పట్టెల బోల్టులు నాలుగింటిలో రెండు కాస్త వదులయ్యాయి. కాలి చెక్క అడ్డంగా కుదించుకుపోతే ఇది జరుగుతుంది, లోపం కాదు, విప్పదీసే జాయింట్ కావాలనుకుంటే దీన్ని భరించాలి. పావు చుట్టు తిప్పితే బిగిశాయి. తేమ మారినప్పుడల్లా, అంటే ఏడాదికి రెండుసార్లు స్పానర్ పెట్టి చూడమని, చట్రం లోపల వైపు నట్టు సైజు, బిగించే వైపు పెన్సిల్‌తో రాసి వచ్చాను.